పైపు లోపల కూడా వానే: అమెరికా ఇంటి కప్పు మీద సోలార్‌కు ఏ వైరు వాడాలి?

రాత్రంతా వాన పడుతుంది. తెల్లారాక సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) స్టార్ట్ కాదు. ఎర్ర లైటు వెలిగి, ఇన్సులేషన్ తక్కువగా ఉందనో, గ్రౌండ్ ఫాల్ట్ అనో స్క్రీన్ మీద చూపిస్తుంది. ఎండెక్కి పదకొండు దాటేసరికి దానంతటదే సర్దుకుంటుంది. మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. "ప్రాబ్లం ఏమీ కనిపించడం లేదు" అని వెళ్లిపోతాడు. మళ్లీ వాన పడితే మళ్లీ ఇదే కథ.

ఇలాంటప్పుడు చాలాసార్లు ఇన్వర్టర్‌లో తప్పేమీ ఉండదు. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు అది ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైర్లకూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ ఎంతుందో కొలుచుకుంటుంది. వైరు తొడుగు ఎక్కడో ఒకచోట పాడైపోయి, అక్కడికి నీళ్లు చేరితే కరెంటు కొద్దికొద్దిగా ప్యానెల్ ఫ్రేములోకో లోహపు పైపులోకో కారుతుంది. తడి ఆరగానే ఆ దారి మూసుకుపోతుంది. ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఇస్తారు కదా అని నిశ్చింతగా ఉంటాం. వాటిని కలిపే వైరు పాతికేళ్లు ఆ కప్పు మీద నిలుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు. కొటేషన్‌లో ప్యానెల్ బ్రాండు, ఇన్వర్టర్ బ్రాండు, బ్యాటరీ బ్రాండు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వైరు మాత్రం "వైరింగ్, ఇతర సామగ్రి" అనే ఒక్క లైనులో సర్దుకుపోతుంది.

అమెరికాలో ఈ వైరు ఎలా ఉండాలో చెప్పేది నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. అందరూ ఎన్ఈసీ అంటారు. 1897లో మొదటిసారి వచ్చింది. ఇప్పుడు ఎన్ఎఫ్‌పీఏ అనే అగ్ని ప్రమాదాల నివారణ సంస్థ మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ తెస్తోంది. పేరులో 'నేషనల్' ఉన్నా అది దానంతటదే చట్టం కాదు. రాష్ట్రమో, కౌంటీనో, సిటీనో దాన్ని స్వీకరిస్తేనే అక్కడ అమల్లోకి వస్తుంది, అదీ తమకు నచ్చిన ఎడిషన్, తమ సొంత సవరణలతో. అందుకే ఒక కౌంటీలో 2023 ఎడిషన్ నడుస్తుంటే పక్క రాష్ట్రంలో ఇంకా 2017తోనే నెట్టుకొస్తుంటారు. ఎక్కడో ఉన్న స్నేహితుడి ఇంట్లో పాసైన పని మీ ఇంట్లో ఫెయిల్ కావడానికి ఇదొక కారణం. మీ ఊళ్లో ఏ ఎడిషన్ నడుస్తోందో పర్మిట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే చెప్తారు. కోడ్‌లో సోలార్‌కు ప్రత్యేకంగా 690వ ఆర్టికల్ ఉంది. వైర్ల రకాలూ, అవి మోయగల కరెంటూ 310లో ఉంటాయి. అసలు చిక్కుముడి మాత్రం 300లో, చిన్న పేరాలో దాక్కుని ఉంది.

ముందు 'తడి చోటు' అంటే కోడ్ దృష్టిలో ఏమిటో చూద్దాం. భూమిలో పాతిన చోటు, నేలను తాకే కాంక్రీటు, కార్లు కడిగే షెడ్డులా నీళ్లతో తడిసిపోయే చోటు, వాన ఎండలకు ఏ అడ్డూ లేని బయటి చోటు, ఇవన్నీ తడి చోట్లే. పై కప్పు గురించి అనుమానమే అక్కర్లేదు. ప్యానెల్ కింద నీడ ఉంది కదా, అక్కడ వైరు తడవదు కదా అని కొందరు వాదిస్తారు. ప్యానెళ్ల మధ్య సందుల్లోంచి నీళ్లు కారతాయి, గాలికి జల్లు లోపలికి కొడుతుంది, కప్పు మీద పారే నీళ్లు ఎలాగూ వాటి కిందుగానే పోతాయి. ప్యానెల్‌ను గొడుగు కింద లెక్కేస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

చాలామందికి తెలియనిది దీని తర్వాతి నియమం. వైరును కాండ్యూట్ పైపులో పెట్టేశాం, చుట్టూ గట్టి లోహం ఉంది, ఇక దానికి తడేమిటి అనిపిస్తుంది. 300.9 సెక్షన్ తేల్చేసింది: తడి చోట్లో నేలకు పైన ఉన్న పైపు అయితే, దాని లోపలి భాగాన్ని కూడా తడి చోటుగానే చూడాలి. పైపు కారినా కారకపోయినా సరే.

ఇది అతి జాగ్రత్తేమీ కాదు. పగలు పైపు ఎండకు కాలిపోతుంది, లోపలి గాలి వ్యాకోచించి జాయింట్ల సందుల్లోంచి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ తేమ చల్లటి లోహం మీద బొట్లుగా పేరుతుంది. మర్నాడు మళ్లీ ఇదే తంతు. ఒక్క వాన చుక్క కూడా లోపలికి పోకుండానే పైపు అడుగు భాగంలో నీళ్లు నిలుస్తాయి. గోడ వెంట దిగి మలుపు తిరిగే చోట పైపు విప్పితే ఒక్కోసారి నీళ్లు ధారగా కారడం ఎలక్ట్రీషియన్లకు కొత్తేమీ కాదు. అందుకే బయటి పైపులు నీళ్లు బయటికి పోయేలా అమర్చాలని కోడ్ అంటుంది. తడి చోట్ల పెట్టే బాక్సుల అడుగున చిన్న రంధ్రం చేయడానికీ అనుమతి ఉంది. నీళ్లు రాకుండా ఆపలేం, వచ్చినవి పోయే దారి చూడాలి. సీలెంట్ ట్యూబులు ట్యూబులు పూసి నీళ్లను లోపలే బంధించే పనివాళ్లను చూస్తే నాకు టెన్షనే.

ఇక్కడికొచ్చాక వైరు మీద ముద్రించిన అక్షరాలు పనికొస్తాయి. అమెరికాలో ఏ హార్డ్‌వేర్ స్టోర్‌కి వెళ్లినా ఎక్కువగా కనిపించేది టీహెచ్‌హెచ్ఎన్. మొదటి టీ థర్మోప్లాస్టిక్, అంటే పీవీసీ తొడుగు. రెండు హెచ్‌లు 90 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకుంటుందని. చివరి ఎన్ పైన ఉన్న సన్నటి నైలాన్ పొర. ఇందులో డబ్ల్యూ లేదు చూశారా? డబ్ల్యూ లేదంటే పొడి చోట్ల, కాస్త చెమ్మగా ఉండే చోట్ల వరకే అనుమతి. తడి చోట పనికిరాదు. అంటే వట్టి టీహెచ్‌హెచ్ఎన్‌ను కప్పు మీద పైపులో లాగడం కోడ్ ఉల్లంఘనే.

టీహెచ్‌డబ్ల్యూఎన్‌లో డబ్ల్యూ ఉంది. తడి చోట్ల వాడొచ్చు, కానీ 75 డిగ్రీల వరకే. టీహెచ్‌డబ్ల్యూఎన్-2 అయితే తడిలోనూ 90 డిగ్రీల దాకా ఆగుతుంది. నీళ్లను ఓర్చుకునే తొడుగులు చాలా ఉన్నాయి, వేడిని ఓర్చుకునేవీ ఉన్నాయి. ఒకేసారి రెండూ మీద పడితే నిలిచేవి తక్కువ. వైరు ఆ పరీక్షలో పాసైందని చెప్పేదే ఆ చివరి '-2'. కప్పు మీది సోలార్‌కు వైరు ఎంచుకోవడమంటే ముప్పావు వంతు ఆ అంకెను వెతకడమే. ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ కూడా ఇంతే. మామూలుది పొడిలో 90, తడిలో 75. ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ-2 రెండింట్లోనూ 90. దాని తొడుగు క్రాస్ లింక్ చేసిన పాలిథిలిన్. వేడికి మెత్తబడి కరిగే రకం కాదు.

ఊరటనిచ్చే విషయం ఏమిటంటే ఇప్పుడు టీహెచ్‌హెచ్ఎన్ పేరుతో అమ్మే వైర్లలో ఎక్కువ భాగం రెండు ముద్రలతో వస్తున్నాయి: ఒకే వైరు మీద టీహెచ్‌హెచ్ఎన్, టీహెచ్‌డబ్ల్యూఎన్-2 రెండూ రాసి ఉంటాయి. అందువల్ల "టీహెచ్‌హెచ్ఎన్ వేశాం" అని కాంట్రాక్టర్ అంటే వెంటనే గొడవకు దిగక్కర్లేదు. వైరు మీద రెండో పేరు ఉందో లేదో చూస్తే చాలు.

ఇళ్ల గోడల్లో ఉండే ఎన్ఎం-బీ కేబుల్ సంగతి వేరు. చాలామంది దాన్ని రోమెక్స్ అంటారు. దానికి తడి చోటే కాదు, చెమ్మ చోటూ నిషిద్ధమే. బయటి పైపులో దూర్చినా నిషిద్ధమే, ఎందుకంటే పైపు లోపల తడి అని ముందే అనుకున్నాం. పైతొడుగు ఒలిచి లోపలి వైర్లు మాత్రమే వాడతామనే తెలివీ చెల్లదు. ఆ లోపలి వైర్ల మీద ఏ రకమో చెప్పే ముద్రే ఉండదు. ముద్ర లేని వైరు ఇన్‌స్పెక్టర్ దృష్టిలో వైరే కాదు.

ప్యానెల్ కింద ఒకటి, పైపులో ఇంకొకటి

సోలార్‌కు ఒకటే వైరు పై నుంచి కింది దాకా వాడరు. దారి మారే కొద్దీ వైరూ మారుతుంది.

ప్యానెళ్ల వెనక, పైపు ఏదీ లేకుండా విడిగా పోయే వైరు నీళ్లు, వేడితో పాటు ఎండనూ భరించాలి. పీవీసీ మీద ఉన్న నైలాన్ పొర ఎండకు పెళుసెక్కి పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే టీహెచ్‌డబ్ల్యూఎన్-2కు కూడా ఇక్కడ చోటు లేదు. ఇక్కడ కోడ్ ఒప్పుకునేవి ముఖ్యంగా రెండు: యూఎల్ (భద్రతా ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) 4703 ప్రమాణం ప్రకారం లిస్టయిన, అంటే పరీక్షలో పాసై ఆమోదం పొందిన పీవీ (సోలార్) వైరు, ఎండను తట్టుకుంటుందని ముద్ర ఉన్న యూఎస్ఈ-2. రెండోది అసలు కరెంటు కంపెనీ లైను నుంచి ఇంటికి భూమిలో పాతే సర్వీస్ వైరుగా పుట్టింది. నీళ్లలో దానికి తిరుగులేదు. దాని లోపం నిప్పు దగ్గర. మంటను అడ్డుకునే గుణం దానికి అక్కర్లేదు కాబట్టి, ఇంటి లోపలికి తీసుకురాకూడదు. అదే వైరు మీద ఆర్‌హెచ్‌డబ్ల్యూ-2 అన్న రెండో ముద్ర ఉంటే తేవచ్చు. పీవీ వైరుకు ఈ తలనొప్పి లేదు. తొడుగు మందంగా ఉంటుంది, మంట పరీక్షలోనూ పాసవుతుంది. 600 వోల్టుల నుంచి 2,000 వోల్టుల దాకా దొరుకుతుంది. ఒకటి రెండు కుటుంబాల ఇళ్ల మీద డీసీ 600 వోల్టులు దాటకూడదు కాబట్టి 600 రేటింగ్ చాలు. నన్నడిగితే ప్యానెల్ కింద పీవీ వైరు తప్ప ఇంకోటి వేయించుకోవద్దు. మొత్తం ప్రాజెక్టు ఖర్చులో ఆ తేడా కంటికి కూడా ఆనదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 'సోలార్ కేబుల్' మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 50618 నంబరు మాత్రమే ఉండొచ్చు. కేబుల్ నాణ్యమైనదే కావచ్చు, కానీ యూఎల్ లిస్టింగ్ లేకపోతే ఇక్కడి ఇన్‌స్పెక్టర్ దగ్గర నిలవదు. కొన్నింటి మీద రెండు ముద్రలూ ఉంటాయి. అలాంటిదైతే పర్వాలేదు.

ఈ వైరు కప్పును తాకకూడదు. ఆస్ఫాల్ట్ షింగిల్స్ మీది గరుకు రేణువులు గరుకు కాగితంలా పని చేస్తాయి. గాలికి ఊగే వైరు తొడుగును ఏళ్ల తరబడి మెల్లగా అరగదీస్తాయి. వాన రోజున మొరాయించే ఇన్వర్టర్లను పరీక్షిస్తే తరచు బయటపడే జబ్బుల్లో ఇదొకటి. 8 గేజ్, అంతకన్నా సన్నటి వైర్లను (గేజ్ అంకె పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది) ప్రతి 24 అంగుళాలకూ ఒకచోట బిగించాలని 2020 నుంచి కోడ్ స్పష్టంగా చెబుతోంది. బిగించేవి కూడా బయటి వాడకానికి లిస్టయినవి కావాలి. మామూలు తెల్ల ప్లాస్టిక్ టైలు కొన్ని వేసవుల్లోనే పుటుక్కున తెగిపోతాయి. స్టీలు క్లిప్పులు మేలు. ఉడతల బెడద ఉన్న చోట ప్యానెళ్ల చుట్టూ జాలీ కూడా పెట్టించుకోండి. ఉడతలు ఏ ప్రమాణాన్నీ లెక్కచేయవు.

కప్పు మీది జంక్షన్ బాక్సు దగ్గర వైరు మారుతుంది. పీవీ వైరునే పైపులో కింది దాకా లాగినా తప్పు లేదు. కానీ తొడుగు మందం వల్ల పైపు త్వరగా నిండిపోతుంది. మూడు, అంతకు మించి వైర్లుంటే పైపు లోపలి వైశాల్యంలో 40 శాతమే నింపాలి. అందుకే బాక్సులో టీహెచ్‌డబ్ల్యూఎన్-2కో, ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ-2కో మారుస్తారు. ప్యానెళ్ల కిందే ఉండే చిన్న మైక్రోఇన్వర్టర్లయితే కరెంటు కప్పు మీదే ఏసీగా మారిపోతుంది, వాటిని కలిపే ట్రంక్ కేబుల్ కంపెనీదే వస్తుంది. బాక్సు తర్వాత కథ మాత్రం ఒకటే. డీసీ వైరును ఇంటి లోపలి నుంచి, అటక మీదుగా తీసుకెళ్లాల్సి వస్తే లోహపు పైపులోనో, లోహపు కవచం ఉన్న తగిన ఎంసీ కేబుల్‌లోనో మాత్రమే తీసుకెళ్లాలి. తలుపులు మూసిన ఇంట్లో పగలంతా ఆగకుండా ఉండే కరెంటు అది.

పైపు ఎత్తు మీద ఇంత లెక్కా?

కప్పుకు అంటించినట్టు పెట్టిన పైపు గాలి కంటే చాలా వేడెక్కుతుంది. ఎండలో ఉన్న పైపు అడుగుకూ కప్పుకూ మధ్య ఎడం మరీ తక్కువైతే, బయటి ఉష్ణోగ్రతకు ఏకంగా 33 డిగ్రీల సెల్సియస్ కలిపి లెక్క వేయమంటుంది కోడ్. ఆ ఎడం ఎడిషన్‌ను బట్టి ముప్పావు అంగుళమో, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులో. 2017కు ముందు ఎడిషన్లలో ఎత్తును బట్టి మెట్లు మెట్లుగా, మూడడుగుల దాకా ఎంతో కొంత కలపాల్సి వచ్చేది.

అంకెలతో చూద్దాం. అరిజోనా లాంటి ఎండ ప్రాంతంలో డిజైన్ ఉష్ణోగ్రత 42 డిగ్రీలు అనుకోండి. ఒక్కో స్ట్రింగ్ (ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరుస) షార్ట్ సర్క్యూట్ కరెంటు 11 ఆంప్స్. ప్యానెల్ మీద రాసిన కొలత కంటే ఎండ ఒక్కోసారి ఎక్కువే కాస్తుంది కాబట్టి 690.8 ప్రకారం 1.25తో హెచ్చిస్తే 13.75. గంటల తరబడి ఆగకుండా పారే కరెంటు కాబట్టి ఇంకోసారి 1.25, అంటే సుమారు 17.2. వేడి, గుంపు వల్ల వచ్చే తగ్గింపులు లేకుండా చూస్తే వైరు 17.2 మోయాలి. ఆ తగ్గింపులన్నీ చేశాక కూడా 13.75 మోయాలి.

ఇప్పుడు రెండు స్ట్రింగులు, నాలుగు వైర్లు, ఒకే పైపు. నాలుగు వైర్లు గుంపుగా ఉన్నందుకు సామర్థ్యానికి గుణకం 0.8. పైపు కప్పుకు ఆనించి ఉంటే 42కు 33 కలిపి 75 డిగ్రీలు. 90 డిగ్రీల వైరుకు ఆ వేడిలో మిగిలేది సగం సామర్థ్యం. 12 గేజ్ రాగి వైరు మామూలుగా 30 ఆంప్స్. దాన్ని 0.5తో, మళ్లీ 0.8తో హెచ్చిస్తే 12 ఆంప్స్. చాలదు. 10 గేజ్ అయితే 40 నుంచి 16కు దిగుతుంది, గట్టెక్కుతుంది. అదే పైపును స్టాండ్ల మీద రెండంగుళాలు పైకి లేపితే? 33 కలపక్కర్లేదు, 42 డిగ్రీలకు గుణకం 0.87. అదే 12 గేజ్ దాదాపు 20.9 ఆంప్స్ మోస్తుంది. రెండు పరీక్షలూ పాస్.

ఇప్పుడా పైపులో '-2' లేని వట్టి టీహెచ్‌డబ్ల్యూఎన్ ఉందనుకోండి. దాని హద్దే 75 డిగ్రీలు. చుట్టూ ఉన్న వేడే 75. ఒక్క ఆంపియర్ పారకముందే దాని సామర్థ్యం సున్నా. ఎంత లావు వైరు వేసినా లెక్క కుదరదు. మంచులో మునిగే మిన్నెసోటాలో ఆ వైరు లెక్కకు నిలవచ్చేమో గానీ, అరిజోనాలో కాగితం మీదే చచ్చిపోయింది.

ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ-2కు ఈ 33 డిగ్రీల అదనపు లెక్క నుంచి మినహాయింపు ఉంది. దాని తొడుగు వేడికి అంత బాగా నిలుస్తుందన్న నమ్మకంతో ఇచ్చారు. పైపును పైకి లేపడం కుదరని చోట ఇది మంచి దారి.

వైరు 90 డిగ్రీలదైనా దాన్ని బిగించే టెర్మినల్ తరచు 75 డిగ్రీలదే ఉంటుంది. తగ్గింపుల లెక్కను కోడ్ పట్టికలోని 90 డిగ్రీల గడి నుంచి మొదలుపెట్టొచ్చు గానీ, చివరి అంకె టెర్మినల్ హద్దును దాటకూడదు. డిజైన్ కాగితాల్లో తరచు జారిపోయే మెట్టు ఇదే.

కోడ్ ఒప్పుకున్నా కొంచెం ఆలోచించాల్సింది

వైర్ల రకాల గురించి చెప్పే చోట కోడ్‌లో ఒక సమాచార గమనిక ఉంది. నియమం కాదు, హెచ్చరిక మాత్రమే. తడి చోట్ల డీసీ కరెంటుకు థర్మోప్లాస్టిక్ తొడుగు వాడితే ఎలక్ట్రో ఎండాస్మాసిస్ జరగొచ్చని అంటుంది. డీసీలో విద్యుత్ బలం ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. ఆ తోపుడుకు తేమ మెల్లగా తొడుగులోంచి రాగి వైపు జరిగి, తొడుగుకూ లోహానికీ మధ్య చేరుతుంది. ఏసీలో దిశ సెకనుకు ఎన్నోసార్లు మారుతుంది కాబట్టి ఇలాంటి లాగుడు నిలవదు.

టీహెచ్‌డబ్ల్యూఎన్-2 థర్మోప్లాస్టిక్కే. కప్పు మీది పైపు తడి చోటే. ప్యానెళ్ల వరుసలన్నీ వచ్చి కలిసే స్ట్రింగ్ ఇన్వర్టర్ అయితే పైపు లోపల పారేది డీసీయే. ఈ మూడూ కలిసే చోట కోడ్ టీహెచ్‌డబ్ల్యూఎన్-2ను ఆపదు, ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు. అయినా డీసీ దారిలో ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ-2 వేయమని అడగడమే నా పద్ధతి. మైక్రోఇన్వర్టర్ ఇంటికి ఈ పట్టింపు అక్కర్లేదు, అక్కడ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 హాయిగా పనిచేస్తుంది.

వైరు సరైనదే అయినా జాయింట్ల దగ్గర పరువు పోతుంటుంది. ఈఎంటీ అనే పలుచటి లోహపు పైపుకు బయట సెట్ స్క్రూ కప్లింగులు వాడకూడదు, వాన నీళ్లు చొరబడకుండా లిస్టయిన కంప్రెషన్ ఫిట్టింగులే వాడాలి. ప్యానెల్ కనెక్టర్ల విషయంలో "ఎంసీ4 కంపాటిబుల్" అన్న మాటను నమ్మొద్దు (ఎంసీ4 అనేది సోలార్‌లో ఎక్కువగా వాడే కనెక్టర్ రకం). రెండు కంపెనీల మగ, ఆడ ముక్కలు టక్కున కలిసినంత మాత్రాన లోపల లోహం సరిగ్గా తాకుతుందని గానీ, రబ్బరు రింగు నీళ్లను ఆపుతుందని గానీ హామీ లేదు. రెండూ ఒకే రకం, ఒకే బ్రాండు కావాలి, లేదంటే ఆ జత కలిపి వాడటానికి లిస్టయి ఉండాలి. కనెక్టర్ కప్పు మీద పడి నీళ్లలో నానకూడదు. ప్యానెళ్లను బిగించే రైలుకు (లోహపు పట్టీకి) కట్టి, రెండు వైపులా వైరు కాస్త కిందికి వేలాడేలా ఉంచితే బొట్టు అక్కడి నుంచే రాలిపోతుంది. గ్రౌండ్ కోసం వాడే రాగి తీగ నేరుగా అల్యూమినియం రైలును తాకితే తడిలో అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో తగరం పూత ఉన్న లగ్ ఉండాలి.

వైర్లు పైపులో లాగేశాక వాటి మీది ముద్ర చదవడానికి బాక్సుల దగ్గర కనిపించే జానెడు ముక్కే దిక్కు. ప్యానెల్ కిందివైతే ప్యానెల్ ఊడదీస్తే గానీ కనిపించవు. కాబట్టి పనివాళ్లు వచ్చిన రోజే వైరు చుట్టల లేబుళ్లు, వైరు మీది అక్షరాలు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. పీవీ వైరు మీద గేజ్, యూఎల్ గుర్తు, '90 డిగ్రీలు వెట్' అన్న రేటింగ్, ఎండను తట్టుకుంటుందనే ముద్ర కనిపించాలి. పైపులోకి వెళ్లే దాని మీద '-2' కనిపించాలి. కనిపించకపోతే లాగక ముందే ఆపమనండి. అప్పుడైతే మార్చాల్సింది ఒక వైరు చుట్టే.